పైక్ చేపకు గాలం: నీటిని బట్టి పద్ధతి

చలి ముదిరేకొద్దీ బ్రిటన్‌లో గాలం వేసేవాళ్ల చూపు పైక్ మీదికి మళ్లుతుంది. చల్లని దేశాల మంచినీళ్లలో బతికే పెద్ద వేట చేప ఇది. శాస్త్రీయనామం ఎసాక్స్ లూసియస్. వేసవిలో నీళ్లు వెచ్చబడితే వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. గాలానికి పెనుగులాడి అలసిన పైక్ అలాంటి నీళ్లలో తేరుకోవడం కష్టం. అందుకే అక్టోబరు నుంచి మార్చి సగం దాకా దీనికి అదను అంటారు. ఆ తర్వాత గుడ్లు పెట్టే కాలం. ఇంగ్లండ్ నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా దీనికి గాలం వేయడం నిషిద్ధం.

ఏ నీళ్లలో ఎలా వేయాలో తెలియాలంటే ముందు చేప ఒంటిని చూడాలి. ఒళ్లు పొడవు, మూతి చదును. వీపు రెక్క బాగా వెనక్కి జరిగి, తోకకు దగ్గరగా ఉంటుంది. దాని కిందే పొట్టవైపు రెక్క. ఈ మూడూ కలిసి ఒక్క ఊపులో ఒంటిని ముందుకు తోస్తాయి. కానీ ఆ జోరు ఎక్కువసేపు నిలవదు. కాబట్టి మన కొర్రమీను లాగే ఇదీ మాటు వేసి పట్టే రకం. ఎరను కంటితో, వాసనతో, పార్శ్వరేఖతో (నీటి అదురును పసిగట్టే, ఒంటి పక్కన ఉండే అవయవం) గుర్తిస్తుంది. నీళ్లు తేటగా ఉంటే కన్ను ముందు పనిచేస్తుంది. బురదగా ఉంటే మిగతా రెండే దిక్కు. పద్ధతులన్నీ ఇక్కడినుంచే పుట్టాయి.

ముందు కదలని నీళ్లు. తూర్పు ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ బ్రాడ్స్ ఇందుకు మంచి ఉదాహరణ. మధ్యయుగాల్లో పొయ్యిలోకి పీట్ (కుళ్లిన మొక్కలతో ఏర్పడిన, ఎండబెడితే మండే మట్టి) తవ్వుకున్న గోతులు నీటితో నిండి ఈ మడుగులయ్యాయి. లోతు తక్కువ, అంచుల్లో రెల్లు. చలికి పైక్ ఒళ్లు మందగిస్తుంది. ఎర వెంట పడే ఓపిక ఉండదు. అడుగున పడి ఉన్న చచ్చిన చేపను మాత్రం వాసన పట్టి వచ్చి తింటుంది. ఇందుకు సముద్రపు చేపలే మేలు. మన కవళ్ల జాతికి చెందిన సార్డీన్, కనగర్తలకు చుట్టమైన మాకెరెల్ ఎక్కువగా వాడతారు. వాటి నూనె నీళ్లలోకి ఊరుతుంది. సార్డీన్ మెత్తన కాబట్టి, విసిరేటప్పుడు ఊడిపోకుండా గడ్డకట్టి ఉండగానే గుచ్చుతారు.

బెండును నీటి లోతుకన్నా కాస్త ఎక్కువ ఎత్తున దారానికి అమరుస్తారు. ఎర, బరువు గుండు అడుగును ఆనుకుంటాయి. దారం బిగిస్తే బెండు నిలబడుతుంది. పైక్ ఎరను కరిచి పైకి లేపితే దారం వదులై బెండు పడుకుంటుంది. పట్టుకుపోతే ఓరగా జారుతూ మునుగుతుంది. రెండిట్లో ఏది జరిగినా వెంటనే లాగాలి. పైక్ ముందు ఎరను అడ్డంగా కరుస్తుంది, తర్వాత తలవైపుకు తిప్పుకుని మింగుతుంది. మింగేదాకా ఆగమని పూర్వం చెప్పేవారు. అలా ఆగితే కొక్కేలు పొట్టలో దిగుతాయి, వదిలినా చేప బతకకపోవచ్చు. ఈ వేటలో నేర్చుకోవలసినవాటిలో వెంటనే లాగడాన్ని మించింది లేదని నా అభిప్రాయం.

నదిలో లెక్క మారుతుంది. ప్రవాహానికి ఎదురు నిలిచి బలం వృథా చేసుకోవడం పైక్‌కు ఇష్టం ఉండదు. వంతెన స్తంభాల వెనక, వంపు లోపలివైపు, పడిపోయిన చెట్టు చాటున, ఎక్కడ నీళ్లు నెమ్మదిస్తే అక్కడ ఉంటుంది. వరద వస్తే చిన్న చేపలు ఒడ్డు వారకు చేరతాయి, పైక్ వాటి వెనకే వస్తుంది. అప్పుడు దూరం విసరడం దండగ. వాసన గల ఎరను ఒడ్డు పక్కనే దింపితే చాలు.

తూర్పు ఇంగ్లండ్‌లోనే ఉన్న ఫెన్స్ ప్రాంతంలో చిత్తడి నేలల నీరు తోడేయడానికి తవ్విన కాలువలు మైళ్ల కొద్దీ గీత గీసినట్టు ఉంటాయి. చాటు అంటూ ఏమీ ఉండదు. చలికాలంలో చిన్న చేపలు ఏదో ఒక జాగాలో గుంపు కడతాయి, మిగతా కాలువ ఖాళీ. కనుక ఒకచోట కూర్చుంటే లాభం లేదు. కాసేపు చూసి ముందుకు జరుగుతూ పోవాలి. ఇక్కడ లూర్ (చేపను పోలిన కృత్రిమ ఎర) అక్కరకొస్తుంది. నీళ్లు ఎంత చల్లగా ఉంటే దాన్ని అంత నెమ్మదిగా లాగాలి.

పెద్ద జలాశయాలు, స్కాట్లాండ్ లాక్ లొమండ్ వంటి సరస్సుల్లో పడవ కావాలి. లోతు ఉన్నట్టుండి పెరిగే చోట్లు, నాచు మొక్కల అంచులు వెతుకుతూ, కదిలే పడవ వెనక ఎరను ఈడుస్తారు. దీన్ని ట్రోలింగ్ అంటారు. కొన్ని జలాశయాల్లో వేటగాళ్ల కోసం ట్రౌట్ చేపలను వదులుతారు. వాటిని తిని పైక్ బాగా బలుస్తుంది. బ్రిటన్ రికార్డు పైక్ 2024లో ఇంగ్లండ్‌లోని ఛ్యూ వ్యాలీ జలాశయంలో దొరికింది, బరువు దాదాపు 21.5 కిలోలు. అంతకు ముందరి రికార్డు కూడా 1992లో వేల్స్‌లో ఇలాంటి జలాశయంలోనే.

నీరు ఏదైనా సామగ్రిలో ఒకటి మారదు. కొక్కేల పైన కనీసం 45 సెంటీమీటర్ల లోహపు తీగ (ట్రేస్) ఉండి తీరాలి. పైక్ పళ్లు నైలాన్ దారాన్ని తేలిగ్గా కోసేస్తాయి. దారం తెగితే కొక్కేలు నోట్లోనే మిగిలి చేప నరకం చూస్తుంది. చచ్చిన ఎరకు 12 అడుగుల కర్ర, సుమారు 7 కిలోల బరువు ఆపే నైలాన్ దారం. లూర్‌కు పొట్టి కర్ర, సాగని అల్లిక దారం. కొక్కేల ఎదురుముళ్లను నొక్కేస్తే తీయడం సులువు.

చాలామంది పట్టిన పైక్‌ను తిరిగి వదిలేస్తారు. తడిపిన మెత్తటి చాప మీద పడుకోబెట్టి, మొప్పలకు తగలకుండా మొప్ప మూత కిందినుంచి దవడ దాకా వేళ్లు పోనిస్తే నోరు తెరుచుకుంటుంది. పొడవాటి పటకారుతో కొక్కేలు తీస్తారు. ఇవి దగ్గర లేకుండా పైక్‌కు గాలం వేయకూడదు.

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్లలో సరదాపడేవాళ్లు ఉంటే రెండు సంగతులు. ఇంగ్లండ్‌లో 13 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్సు లేకుండా గాలం వేయడం నేరం. ఆపైన ఆ నీటి యజమానిదో క్లబ్బుదో అనుమతి వేరే తీసుకోవాలి. ఇక బతికున్న చేపను ఎరగా గుచ్చడం స్కాట్లాండ్‌లో నిషేధం.