ఊరు కదిలేలోగా భూమి పండుగ
ముంపు గూడేల్లో ప్రతి ఏడూ ఇదే ఆఖరిదన్నట్లు వేడుక

కూనవరం: శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం చుట్టుపక్కల కోయ గూడేల్లో తొలకరికి ముందు భూమి పండుగ చేస్తారు. ఇంటింటా డోలు మోగే ఈ పండుగకు కొన్నేళ్లుగా ఒక దిగులు తోడైంది. పోలవరం ముంపు జాబితాలోకి ఎక్కిన ఊళ్లకు వచ్చే ఏడు పండుగ ఇక్కడో, కాలనీలోనో తెలియదు. అందుకే ఊరు కదిలేలోగా తనివితీరా చేసుకోవాలన్న ఆరాటం పెద్దల్లో కనిపిస్తుంది.

పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. తొలి దశలో 41.15 మీటర్ల వరకు, అంటే 135 అడుగుల వరకు నీరు నిలిపే లెక్కన ఊళ్లను ఖాళీ చేయించే పని మొదలైంది. ఈ ముంపు కోసమే 2014లో కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలను ఖమ్మం జిల్లా నుండి విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు ఇక్కడి జనం గుట్టలెక్కి తలదాచుకున్నారు. ఎటూ పోవలసినవాళ్లమే గనుక పరిహారం ఇచ్చి ముందే పంపండని ఆ వరద తర్వాత అడిగినవారూ ఉన్నారు. పోవాలనీ ఉంది, పోబుద్ధీ కాదు. ముంపు ఊళ్లలో ఇంటింటి సంగతీ ఇదే.

విత్తనంతో మొదలు

భూమి పండుగను కోయలు విత్తనాల పండుగగా చేస్తారు. ఇంటింటి నుండి విత్తనాలు తెచ్చి ఊరి వేల్పు ముందు ఉంచి పూజ చేస్తారు. పూజారి చేతి మీదుగా తిరిగి తెచ్చుకున్న గింజను పొలంలో వేసే విత్తనంలో కలుపుతారు. ఆ పూజ కాకుండా నేలలో గింజ వేయరు. మగవారు విల్లంబులు పట్టి అడవికి పోవడం, ఆడవారు దారికి అడ్డం నిలిచి రేల పాటలు పాడుతూ వచ్చేపోయేవారిని పండుగ డబ్బులడగడం ఆచారం. అడవి నుండి వట్టి చేతులతో వచ్చిన మగవారిని వదినలూ మరదళ్లూ ఆట పట్టిస్తారు. అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు తలకు కట్టుకుని మగవారు డోళ్లు వాయిస్తూ ఆడుతుంటే, ఆడవారు చేయీ చేయీ పట్టి అడుగు కలుపుతారు.

ఏడాది పొడుగునా ఇంతే. మామిడికాయకు ఒక పండుగ, చిక్కుడుకాయకు ఒక పండుగ, కొత్త పంటకు ఒక పండుగ. వేల్పుకు పెట్టనిదే కొత్త కాయ నోట పెట్టరు. వేసవిలో తెల్లవారకముందే ఇప్పచెట్ల కిందికి బుట్టలతో పోయి రాలిన పూలు ఏరుకోవాలి. తర్వాత తునికాకు కోత. అడవి చూపిన లెక్క ప్రకారమే పండుగలు నడుస్తాయి గాని గోడమీది క్యాలెండరు ప్రకారం కాదు.

డోలు వెంట వస్తుంది, చెట్టు రాదు

కాలనీకి సామాను లారీలో వస్తుంది. డోలు వస్తుంది, కొమ్ములు వస్తాయి, పాట నోటనే ఉంటుంది. వేల్పు ఉండే చెట్టూ, ఊరి పొలిమేర రాయీ, పూలు రాలే ఇప్పవనమూ రావు. విత్తడానికి చెలక లేనప్పుడు విత్తనాల పండుగ దేనికని పిల్లలు అడిగితే జవాబు చెప్పడం కష్టం.

దిగువన దేవీపట్నం మండలం ముందే ఈ దారిన నడిచింది. 2021లో కాఫర్ డ్యాం వల్ల వరద నీరు వెనక్కి ఎగదన్ని అక్కడి ఊళ్లను ముంచింది. ఒడ్డునే ఉన్న గండి పోచమ్మ గుడిలోకి అప్పటినుండి వరద రోజుల్లో నీరు చేరి దర్శనాలు ఆగిపోతున్నాయి. నీరు తీశాక గుడి కడుక్కుని మళ్లీ మొక్కులు తీర్చుకుంటున్నారు.

చుట్టరికాల సంగతి మరొకటి. శబరి అవతల ఛత్తీస్‌గఢ్, ఒడిశా పల్లెల్లోనూ కోయలున్నారు. పిల్లనిచ్చిన ఊరు, తెచ్చుకున్న ఊరు ఏరు దాటితే వచ్చేస్తాయి. దూరపు కాలనీకి పోతే మేనమామ పండుగకు రావాలన్నా బస్సు చార్జీలు లెక్క చూసుకోవాలి.

పోయేలోపు చేయగల పని

బడికి పోయే పిల్లలను పండుగ రోజుల్లో పెద్దల వెంట తిప్పి ప్రతి గుట్టకు, వాగుకు, చెట్టుకు ఉన్న పేరు చెప్పించవచ్చు. రేల పాటలు పాడగల అవ్వల గొంతును సెల్‌ఫోనులో పట్టి ఉంచవచ్చు. కోయ భాషలో ఉన్న పాట ఒక తరం పాడకపోతే మళ్లీ దొరకదు. జొన్న, సామ, చిక్కుడు నాటు విత్తనాలను బూడిద కలిపి కుండలో దాచి వెంట తీసుకుపోవచ్చు.

మరొకటి ఊరంతా కలిసి అడగవలసింది ఉంది. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ ప్రకారం గిరిజనులను వీలైనంతవరకు అదే షెడ్యూల్డు ప్రాంతంలో, ఒకేచోట, వారి భాషా సంస్కృతీ నిలిచేలా స్థిరపరచాలి. గిరిజనులు ఎక్కువగా ఉండే కాలనీలకు సామాజిక కూటముల కోసం ఉచితంగా స్థలం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. ఆ స్థలం ఎంతో నిర్ణయించవలసింది ప్రభుత్వం. ఇల్లు ఎన్ని గదులని అడిగే గ్రామసభలో పండుగ స్థలం ఎక్కడని కూడా అడిగి తీర్మానంలో రాయించుకోవాలి. డోలు మోగడానికి చోటు, నాలుగు ఇప్పమొక్కలు పెంచడానికి నేల ముందే తేల్చుకుంటే, కాలనీలో పుట్టబోయే పిల్లలకు భూమి పండుగ ఆడి చూపించవచ్చు.