వంపులో పగులు.. గాలిలో ముప్పు
సొంత విమానాల నిర్మాణంలో అల్యూమినియం రేకుతోనే అసలు పరీక్ష

అమెరికాలో ఇంటి షెడ్డులోనే చిన్న విమానాన్ని నిర్మించుకోవడం కొత్త విద్యేమీ కాదు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్ కేంద్రంగా పనిచేస్తున్న ఔత్సాహికుల సంఘం 1953లోనే ఏర్పడింది. ఇలాంటి నిర్మాణాల్లో తరచూ ఎదురయ్యేది, సులువుగా చెడేది రేకు వంచే పనే. వంపులో వెంట్రుకవాసి పగులు మిగిలినా ఇంజను ప్రకంపనలకు అది క్రమంగా పాకుతుంది. నేలమీద ఉండే డబ్బాకైతే ఫరవాలేదు గానీ, రెక్క లోపలి భాగానికి ఆ వెసులుబాటు లేదు.

రేకును వంచినప్పుడు లోపలి ముఖం నొక్కుకుపోతుంది, వెలుపలి ముఖం సాగుతుంది. సాగే శక్తి చాలనిచోట లోహం చిట్లుతుంది. విమానాల్లో విరివిగా వాడే 2024-టి3 రకం రేకు గట్టిదే గానీ, లాగితే 15 నుంచి 18 శాతం మాత్రమే సాగుతుంది. వంపు లోపలి వ్యాసార్ధం రేకు మందానికి సమానంగా ఉంటే వెలుపలి ముఖం సుమారు 33 శాతం సాగవలసి వస్తుంది. వ్యాసార్ధాన్ని మందానికి నాలుగు రెట్లు చేస్తే అది 11 శాతానికి దిగుతుంది. అందుకే 0.8 మిల్లీమీటర్ల రేకుకు 3 మిల్లీమీటర్లకు పైబడిన గుండ్రని అంచుగల దిమ్మెను వాడటం క్షేమం. 6061-టి6 రకం ఇంతకంటే కొంత బిగువైన వంపును తట్టుకుంటుంది.

వెదురుబద్దకు ఈనె ఉన్నట్లే రేకుకూ ఒక వాటం ఉంటుంది. కర్మాగారంలో రోలర్ల నడుమ సాగిన దిశే ఆ వాటం. రేకుపై ముద్రించిన అక్షరాల వరుస సాధారణంగా ఆ దిశనే చూపుతుంది. వంపు గీత దానికి అడ్డంగా ఉండాలి. వాటం వెంబడే వంచితే పగులు త్వరగా వస్తుంది.

చాలా పగుళ్లు పుట్టేది అంచుల్లోనే. కత్తెర వదిలిన గరుకును ఆకురాయితో తీసి, ఉప్పుకాగితంతో అంచు పొడవునా నునుపు చేయాలి. రెండు వంపులు కలిసే మూలలో ముందుగానే గుండ్రని రంధ్రం వేయాలి. వంపు గీతను సూదిమొనతో గీయరాదు; ఆ గాటే పగులుకు దారి. పెన్సిలూ తగదు, అందులోని గ్రాఫైటు తుప్పుకు కారణమవుతుంది. మార్కరు పెన్ను చాలు.

వంచి వదలగానే రేకు కొద్దిగా వెనక్కి లేస్తుంది కనుక, ఆ మేరకు ముందే ఎక్కువ వంచాలి. కోణం తప్పిందని వెనక్కి విప్పి మళ్లీ వంచడం చాలామంది చేసే పొరపాటు. ఒకసారి వంగినచోట లోహం అప్పటికే బిరుసెక్కి ఉంటుంది. మంటతో కాల్చి మెత్తబరచడం అంతకంటే చేటు. వంపు సులువవుతుంది గానీ బలం పోతుంది.

అదే రేకు నుంచి కోసిన ముక్కను ముందుగా వంచి, వెలుపలి ముఖాన్ని భూతద్దంతో చూడటం మేలు. అసలు భాగంలోనే పగులు కనిపిస్తే వెల్డింగుతో పూడ్చే వీలు లేదు. 2024 రకం మామూలు వెల్డింగుకు లొంగదు. దాన్ని పక్కనబెట్టి కొత్త రేకు కోసుకోవలసిందే.