నోరు తెరిస్తే కనబడే క్యాన్సర్

మన నర్సీపట్నం చుట్టుపక్కల ఊళ్ళలో చుట్ట కాల్చే ముసలమ్మల్ని మీరు చూసే ఉంటారు. కొందరి చుట్టకి నిప్పు బయటికి కనబడదు. వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని పీలుస్తారు. దీన్నే అడ్డపొగ అంటారు. ఉత్తరాంధ్రలో ఈ అలవాటు మగవాళ్ళకంటే ఆడవాళ్ళలోనే ఎక్కువ. చుట్ట ఎక్కువసేపు వస్తుంది, గాలికి ఆరిపోదు, పనిచేసుకుంటూ కాల్చుకోవచ్చు. అమ్మ దగ్గరో అత్త దగ్గరో నేర్చుకున్నవాళ్ళే ఎక్కువమంది.

ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి, అంటే నోటి పైకప్పుకి తగులుతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ అక్కడ చర్మం తెల్లగా మందమవుతుంది, ఎర్రటి మచ్చలు వస్తాయి, కొందరిలో అది క్యాన్సర్ పుండుగా మారుతుంది. ఇదేం కొత్త సంగతి కాదు. కోస్తాంధ్రలో అంగిలి క్యాన్సర్‌కీ అడ్డపొగకీ ఉన్న సంబంధం గురించి డి.జి.రెడ్డి, వి.కె.రావు 1957లోనే రాశారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మందిని పరీక్షించి చేసిన అధ్యయనం 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చింది. డెంటల్ విద్యార్థుల పుస్తకాల్లోకి మన ప్రాంతం ఎక్కింది ఇలా. గొప్పగా చెప్పుకునే విషయమైతే కాదు.

మొదట అనుమానించడానికి స్కానింగ్ అక్కర్లేదు, టార్చిలైటు చాలు. అయినా చూసేవాళ్ళు లేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నోటి క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్న ఆడవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. మగవాళ్ళదీ దాదాపు అదే పరిస్థితి.

అసలు తేడా పుండు కనబడ్డాక మొదలవుతుంది. మొదట్లో నొప్పి పెద్దగా ఉండదు. "వేడి చేసిందేమో, నోరు పూసింది" అనుకుని మజ్జిగన్నంతో నెట్టుకొస్తారు. కొడుకు అడిగితే "నాకేటయ్యిందిరా, ఒగ్గేయ్" అంటుంది. ఆ మాటని ఇంట్లోవాళ్ళు సులువుగా నమ్మేస్తారు, ఎందుకంటే అలా నమ్మడమే అందరికీ వీలు.

వైద్యం ఉచితమే కదా అని అడగొచ్చు. ఆరోగ్యశ్రీ 2007 నుంచీ ఉంది, ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. ఆపరేషన్‌కి, రేడియేషన్‌కి అది పనికొస్తుంది, నిజమే. మనం ఇంజినీరింగ్ వాళ్ళం కాబట్టి మిగతా లెక్క వేద్దాం. రేడియేషన్ అంటే సాధారణంగా వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 300. ముప్పై రోజులకి 9,000 పోయినట్టు. తోడు వచ్చినవాళ్ళదీ కలిపితే 18,000. వైద్యం విశాఖ కేజీహెచ్‌లోనో, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో. ఇక్కణ్ణించి రోజూ వెళ్ళిరావడం కుదిరే పని కాదు, అక్కడే ఉండాలి. చింతపల్లి, జీకే వీధి వాళ్ళయితే ముందు ఘాట్ దిగాలి.

మగాడికి జబ్బు చేస్తే భార్య తోడు వెళుతుంది. అది ఎవరూ చర్చించే విషయం కాదు. ఆమెకే జబ్బు చేస్తే తోడు ఎవరు, ఇంట్లో వంట ఎవరు అన్నవి మొదటి ప్రశ్నలు. విధవరాలైతే కొడుకుల మధ్య పంచాయితీ. పథకం ఆసుపత్రి బిల్లు కడుతుంది గానీ తోడుని ఇవ్వదు.

ఇది ముసలివాళ్ళతో ఆగే వివక్ష కూడా కాదు. మన దేశంలోని పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల రికార్డులు పరిశీలించిన ఒక అధ్యయనం లాన్సెట్ ఆంకాలజీలో వచ్చింది. వైద్యానికి వచ్చే పిల్లల్లో ఆడపిల్లలు ఉండాల్సినదానికంటే తక్కువగా ఉన్నారు, ఇల్లు దూరమయ్యేకొద్దీ ఇంకా తగ్గారు. ఏజెన్సీ అంచున ఉన్న మనకి ఆ దూరం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు నాన్నమ్మనో, పక్కింటి మామ్మనో నోరు తెరవమని ఫోన్ టార్చి వేసి అంగిలి చూడండి. తెల్లమచ్చో, ఎర్రమచ్చో, రెండు వారాలైనా మానని పుండో ఉంటే ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ముప్పై దాటిన అందరికీ నోటి క్యాన్సర్ పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో భాగమే. తొలిదశ మచ్చలు చుట్ట మానేస్తే తగ్గే అవకాశం ఉంది. విశాఖ వెళ్ళమంటే మాత్రం తోడు ఎవరన్న ప్రశ్న అక్కడే వస్తుంది. మొదటి వారం మీరు వెళ్ళగలరేమో చూడండి.