నీలగిరులలో అతిథులుగా

యాత్ర కన్నులకు విందు మాత్రమే కాదు. భూమిపై సంచరించి, సృష్టిని గురించి యోచించమని దివ్య ఖుర్ఆన్ మనలను ప్రోత్సహించింది. ఆ భావనతోనే గత వేసవిలో మేము కుటుంబ సమేతంగా తమిళనాడులోని నీలగిరి జిల్లాను సందర్శించాము.

మెట్టుపాళయం నుండి ఉదకమండలం వరకు 46 కిలోమీటర్ల కొండ రైలుమార్గమున్నది. కల్లారు దాటిన పిమ్మట ఏటవాలు అధికం గనుక, పట్టాల నడుమ అమర్చిన పళ్ళ పట్టీని ఇంజను పళ్ళచక్రం పట్టుకొని పైకి ప్రాకుతుంది. ఈ మార్గం 1899లో కూనూరు వరకు, 1908లో ఉదకమండలం వరకు పూర్తయినది. ఉదకమండలంలోని వృక్షశాస్త్ర ఉద్యానవనానికి 1848లో మెక్‌ఐవర్ రూపకల్పన చేశారు. 2,637 మీటర్ల ఎత్తుగల దొడ్డబెట్ట శిఖరం నుండి చూస్తే కొండలన్నీ పచ్చని తివాచీ పరచినట్లు కానవస్తాయి.

అయితే ఆ తివాచీని నేసిన చేతులను మనం గమనించాలి. తేయాకు తోటలలో వీపున సంచి తగిలించుకొని, వాలులపై నిలబడి, రెండాకులు ఒక మొగ్గ చొప్పున త్రుంచేవారిలో అత్యధికులు స్త్రీలే. వీరిలో ఎన్నో కుటుంబాల పూర్వికులను ఆంగ్లేయులు సింహళ తోటలకు తీసుకొనిపోయారు. స్వాతంత్ర్యానంతరం అక్కడ పౌరసత్వం లభించక, 1964 నాటి భారత–శ్రీలంక ఒప్పందం మేరకు వారి సంతతి తిరిగివచ్చింది. వారికి ఉపాధి కల్పించడానికే తమిళనాడు ప్రభుత్వం 1968లో తేయాకు తోటల పథకం ప్రారంభించింది. మన ఇంటి చాయ్ కప్పులో ఆ వలస చరిత్ర కూడా ఉన్నది. శ్రామికుని కూలి చెల్లింపులో జాప్యం కూడదన్న దైవప్రవక్త (స) బోధ అక్కడ మాకు మరింత స్పష్టంగా అర్థమైనది.

గమనించవలసినది మరొకటి ఉన్నది. ఈ కొండల సహజ రూపం తేయాకు కాదు, గడ్డిమైదానాలు, లోయల మడతలలోని షోలా అడవులు. అవి వాననీటిని స్పంజివలె పీల్చుకొని, మెల్లమెల్లగా వాగులలోకి విడుస్తాయి. ఆ నీరే భవానిలో, ఆపై కావేరిలో కలిసి మైదానాల పొలాలను తడుపుతున్నది. తేయాకు, నీలగిరి చెట్ల తోటలు విస్తరించిన కొద్దీ షోలాలు, గడ్డిమైదానాలు తరిగిపోయాయి. నేడు సందర్శకుల తాకిడి మరొక భారం. మద్రాసు హైకోర్టు ఆదేశంపై 2024 మే నుండి వాహనాలకు ఈ-పాస్ విధించడానికి కారణమిదే. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులపైనా అక్కడ నిషేధమున్నది.

కనుక వెళ్ళేవారు ముందుగానే ఈ-పాస్ తీసుకొనండి. నీటికి స్టీలు సీసాలు వెంట ఉంచుకొనండి. దారి పక్కన క్యారెట్లు అమ్మే అమ్మతో పది రూపాయల కోసం పేచీ పడకండి. తేయాకు త్రుంచే స్త్రీల అనుమతి లేనిదే వారి ఫొటోలు తీయకండి. తినుబండారాల కాగితాలను తిరిగి సంచిలోనే వేసుకొనడం పిల్లలకు నేర్పండి. ఆ చల్లని గాలి, ఆ నీటిచెలమలు అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. అమానతును అనుభవించే హక్కుతోపాటు, చెక్కుచెదరకుండా తరువాతివారికి అందించే బాధ్యత కూడా మనదే.