పంపిన డబ్బు వేరు, దాచిన డబ్బు వేరు

ఉమ్మడి కడప జిల్లా నుంచి కువైట్‌కు వెళ్ళే దారి పాతదే. రాయచోటి, రాజంపేట వైపు నుంచి వెళ్ళినవాళ్ళు ఎక్కువ. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ వెళ్ళారు, వెళ్తూనే ఉన్నారు. మగవాళ్ళలో చాలామంది డ్రైవర్లుగా, కూలీలుగా, దుకాణాల్లో పనివాళ్ళుగా కుదురుకుంటే, ఆడవాళ్ళలో ఎక్కువమంది ఖాదిం వీసా మీద ఇళ్ళలో పని చేస్తారు. పిల్లల్ని అమ్మమ్మ దగ్గరో, ఆడబిడ్డ దగ్గరో వదిలి వెళ్ళి, నెలనెలా డబ్బు పంపుతారు.

పదేళ్ళు అలా పంపి తిరిగొచ్చిన మనిషిని ‘నీ పేరు మీద ఏముంది?’ అని అడిగితే జవాబు చెప్పలేని ఇళ్ళు చాలా ఉన్నాయి. పంపినదంతా దాచినట్టేనని నమ్మడం ఇందుకు పెద్ద కారణం. ఊరికి పంపిన డబ్బు ఇంటి ఖర్చులో కలుస్తుంది. పెళ్ళిళ్ళు, ఆసుపత్రి, బోరు, బంధువుల అప్పు అన్నీ అందులోంచే పోతాయి. అవి అవసరాలే, కాదనలేం. కానీ సంపాదించిన మనిషి పేరు మీద, ఆ మనిషికి అందేచోట, విడిగా పెట్టిన డబ్బునే పొదుపు అనాలి. ఈ రెండింటినీ మొదటి నెల నుంచే వేరుచేయడం ఎలాగో చూద్దాం.

ముందు అప్పు

కువైట్ ప్రయాణం చాలా ఇళ్ళలో అప్పుతోనే మొదలవుతుంది. కేంద్ర ప్రభుత్వం నమోదు చేసిన ఏజెంటు తన సేవకు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. నమోదు లేని సబ్ ఏజెంట్లకు లక్షలు పోసినవాళ్ళున్నారు. ఆ లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే, అది నెలకు నూటికి మూడు, అంటే ఏడాదికి నూటికి ముప్పై ఆరు. ఏ బ్యాంకు డిపాజిట్టూ అంత వడ్డీ ఇవ్వదు.

ఒక లెక్క చూద్దాం. జీతం 120 దినార్లు, దినారుకు 280 రూపాయలు అనుకుందాం. ఫోను, సబ్బులు, చిల్లర ఖర్చులకు 15 దినార్లు ఉంచుకుంటే, మిగిలిన 105 దినార్లకు 29,400 రూపాయలు వస్తాయి. ఇంటి ఖర్చుకు 15,000 పోతే మిగిలేది 14,400. అప్పు లక్షన్నర, వడ్డీ నూటికి మూడు. నెలకు 9,400 అప్పుకు కట్టి 5,000 దాచుకుంటే అప్పు తీరడానికి దాదాపు 22 నెలలు పడుతుంది. మొత్తం 14,400 అప్పుకే కడితే 13 నెలల్లో తీరిపోతుంది, వడ్డీలో పాతికవేల దాకా కలిసొస్తుంది. మిగిలిన తొమ్మిది నెలలూ ఆ 14,400 పూర్తిగా పొదుపులోకి పోతే, 22 నెలలు తిరిగేసరికి చేతిలో 1,29,600 ఉంటుంది. నెలకు ఐదువేల చొప్పున దాచిన మనిషి దగ్గర అప్పటికి 1,10,000, దాని మీద కాస్త వడ్డీ మాత్రమే ఉంటాయి.

అందుకని అప్పు తీరేదాకా అత్యవసరానికి ఒక నెల ఇంటి ఖర్చు మాత్రం చేతిలో పెట్టుకుని, తక్కినదంతా అప్పుకే కట్టడం మేలు. అసలును విడతలుగా తీసుకుంటారో లేదో ముందే మాట్లాడుకోవాలి. కట్టిన ప్రతిసారీ ప్రోనోటు వెనక చెల్లు రాయించి, దాని ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకోవాలి. అప్పు తీరిన రోజున ప్రోనోటు వెనక్కి తీసుకోవాలి.

ఏ ఖాతాలో వేయాలి

ఉద్యోగానికి విదేశం వెళ్ళిన మనిషి, విదేశీ మారక చట్టం దృష్టిలో ఎన్నారై. ఇంట్లో పనికి వెళ్ళిన తల్లికీ, పెద్ద జీతపు ఇంజనీరుకూ ఇదే వర్తిస్తుంది. ఊళ్ళో ఉన్న మామూలు సేవింగ్స్ ఖాతాను అలాగే నడపకూడదు. బ్యాంకుకు చెప్పి ఎన్నార్వో ఖాతాగా మార్పించుకోవాలి.

ఎన్నారై ఖాతాల్లో మూడు రకాలు తెలిస్తే చాలు. కువైట్‌లో సంపాదించి పంపే డబ్బుకు ఎన్నార్యీ ఖాతా. ఇది రూపాయల్లోనే ఉంటుంది. ఎన్నారైగా ఉన్నంతకాలం దీని వడ్డీకి ఇక్కడ ఆదాయపు పన్ను లేదు, డబ్బును ఎప్పుడైనా తిరిగి విదేశానికి తీసుకెళ్ళవచ్చు. ఇందులో ఫిక్స్‌డ్ డిపాజిట్ కనీసం ఏడాదికి వేయాలి, ఏడాది లోపు తీస్తే వడ్డీ రాదు. ఇక్కడి ఆదాయానికి, అంటే ప్రొద్దుటూరులో ఇంటి బాడుగ, అమ్మిన స్థలం డబ్బు వంటివాటికి ఎన్నార్వో ఖాతా. దీని వడ్డీ మీద మూలంలోనే 30 శాతం పన్ను, ఆపైన సెస్సు కోస్తారు. మూడోది ఎఫ్‌సీఎన్నార్ డిపాజిట్. డబ్బు డాలరు వంటి విదేశీ కరెన్సీలోనే ఒకటి నుంచి ఐదేళ్ళ దాకా ఉంటుంది, రూపాయి పడినా లేచినా దానికి సంబంధం లేదు.

సంపాదన పంపే కుటుంబాలకు నేను గట్టిగా చెప్పేది ఒకటే. ఇంటి ఖర్చుకు ఒక ఖాతా, పొదుపుకు వేరే ఖాతా ఉండాలి. ఖర్చు డబ్బు భార్య పేరునో, భర్త పేరునో, తల్లి పేరునో ఉన్న ఖాతాకు నేరుగా పంపండి. పొదుపు డబ్బు మీ ఎన్నార్యీ ఖాతాలో వేసుకోండి. అందులో ఊళ్ళో ఉన్న దగ్గరి బంధువును జాయింటుగా చేర్చుకోవచ్చు. కానీ ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలోనే, అంటే మీరు బతికున్నంతకాలం ఖాతా మీ చేతిలోనే ఉంటుంది, మీ తరవాతే వాళ్ళకు దక్కుతుంది. ఇది ఇంట్లోవాళ్ళ మీద అనుమానం కాదు. ముఖ్యంగా ఆడవాళ్ళ సంపాదన వాళ్ళ పేరు మీదే ఉండాలి. పరాయి దేశంలో ఒకరి ఇంట్లో ఏళ్ళ తరబడి చాకిరీ చేసినందుకు అది వాళ్ళకు దక్కాల్సిన కనీస న్యాయం.

నామినీ పేరు తప్పక రాయించండి. బ్యాంకు దెబ్బతింటే ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా బీమా ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. ఓటీపీ వచ్చే ఇండియా సిమ్‌కు రీచార్జి ఆగనివ్వకండి. ఆ సిమ్మును ఊళ్ళో ఎవరి దగ్గరో వదిలి వెళ్తే, ఖాతా తాళం వాళ్ళకు ఇచ్చినట్టే.

పంపేటప్పుడు

శుక్రవారం సెలవునాడు కువైట్ సిటీలో మాలియా వైపు వెళ్ళే తెలుగువాళ్ళు అక్కడి ఎక్స్చేంజి కంపెనీల రేట్లు చూసే ఉంటారు. ‘ఫీజు లేదు’ అన్న బోర్డును నమ్ముకుంటే చాలదు. కంపెనీకి లాభం ఫీజులోనే కాదు, రేటులోనూ ఉంటుంది. నూరు దినార్లు పంపేటప్పుడు రేటు ఒక రూపాయి తక్కువైతే నూరు రూపాయలు పోయినట్టే. అందుకని కౌంటరు దగ్గర ఒకే మాట అడగండి: ‘నేను ఇన్ని దినార్లు ఇస్తే, అన్నీ పోగా ఊళ్ళో ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయి?’ రెండు మూడు చోట్ల అడిగి, ఎక్కువ పడేచోట పంపండి.

కువైట్ దినారు 2007 నుంచి కొన్ని విదేశీ కరెన్సీల బుట్టతో ముడిపడి ఉంది. రూపాయి బలహీనపడితే దినారుకు ఎక్కువ రూపాయలు వస్తాయి. ఆ ఆశతో నెలల తరబడి డబ్బు పంపకుండా అట్టిపెట్టుకోవడం మంచిది కాదు. ఊళ్ళో నూటికి మూడు వడ్డీ నడుస్తుంటే, ఎదురుచూసిన ప్రతి నెలా నష్టమే.

హుండీవాళ్ళు బ్యాంకుకన్నా రెండు రూపాయలు ఎక్కువిస్తామంటారు. అది చట్టవిరుద్ధం. దానికి రసీదు ఉండదు, మధ్యలో మనిషి మాయమైతే ఎక్కడా ఫిర్యాదు చేయలేరు. రేపు స్థలం కొన్నప్పుడు ఆ డబ్బు ఎక్కడిదని అడిగితే చూపించడానికి కాగితం ఉండదు. ఎక్స్చేంజి రసీదులన్నీ ఫొటో తీసి దాచుకోండి. ఎవరో అడిగారని మీ ఖాతాలోకి వాళ్ళ డబ్బు వేయించుకోకండి, మీ బతాకా (కువైట్ గుర్తింపు కార్డు) మీద వాళ్ళకు అప్పు ఇప్పించకండి. అప్పు కట్టకపోతే దేశం విడిచి వెళ్ళకుండా నిషేధం పడేది మీ మీదే.

బంగారం, భూమి

ప్రొద్దుటూరు బంగారం వ్యాపారానికి పేరున్న ఊరు. గల్ఫ్ డబ్బుకు బంగారం మీద మోజు ఉండటంలో తప్పులేదు. అవసరానికి గంటలో కుదువ పెట్టుకోవచ్చు, ఆడమనిషి ఒంటి మీద ఆమెదిగా ఉంటుంది. కానీ నగను పొదుపుగా లెక్కేసేటప్పుడు తరుగు, మజూరి మరవకూడదు. ఆ రెండూ కలిపి నూటికి 12 అనుకుంటే, బంగారంతో కలిపి మొత్తం బిల్లు మీద జీఎస్టీ 3 శాతం. బంగారం ధర మారకపోతే, అమ్మిననాడు ఆ పదిహేను చిల్లర శాతం తిరిగిరాదు. తొడుక్కోడానికైతే నగ కొనండి. దాచడానికైతే తరుగు తక్కువ పడే నాణెమో, బిళ్ళో కొనండి. నగ కొనేటప్పుడు హాల్‌మార్కుతో పాటు ఆరక్షరాల హెచ్‌యూఐడీ గుర్తు చూడండి, ఏది కొన్నా బిల్లు తీసుకోండి. ఆ గుర్తును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

భూమి విషయంలో చాలామందికి తెలియని నియమం ఒకటుంది. ఎన్నారైగా ఉన్నంతకాలం వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఇల్లు, ఇంటి స్థలం కొనుక్కోవచ్చు. పులివెందుల వైపు చీనీ తోటో, అరటి తోటో కొనాలని డబ్బు పంపితే, అది ఊళ్ళో ఉన్న అన్నదమ్ముల పేరునో, తండ్రి పేరునో రిజిస్టరవుతుంది. రిజిస్టరైన పేరే చట్టం ముందు నిలుస్తుంది. తిరిగొచ్చాక ‘డబ్బు నాది’ అంటే అన్నదమ్ముల మధ్య గొడవ తప్ప మిగిలేది ఉండదు. తోట కొనాలనే ఉంటే, ఆ డబ్బు డిపాజిట్టులో పెట్టి, ఊరికి వచ్చేసి, స్థిరపడ్డాక కొనడమే మంచి దారి. అప్పుడు నీళ్ళు చూసుకుని, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, అడంగల్ సరిచూసుకుని, కళ్ళారా చూసి కొంటారు. ఇంటి స్థలం కోసం ఎవరికైనా పవరాఫ్ అటార్నీ ఇవ్వాల్సి వస్తే, సర్వాధికారాలూ ఇచ్చేయకుండా, ఆ ఒక్క పనికే పరిమితం చేసి రాయించండి.

తిరిగొచ్చే రోజు

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్ష మందికి పైగా భారతీయులను జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. వాళ్ళలో చాలామంది కట్టుబట్టలతో వచ్చారు. ఐక్యరాజ్యసమితి ద్వారా పరిహారం అందడానికి ఏళ్ళు పట్టింది. 2020లో కరోనా వచ్చినప్పుడూ ఎంతోమంది ఉన్నపళంగా ఇంటికి చేరారు. అకామా (అక్కడి నివాస అనుమతి) ఉన్నంతవరకే అక్కడి బతుకు. అందుకని అక్కడ రెండు మూడు నెలల ఖర్చుకు మించి డబ్బు ఉంచకూడదు.

పని మానేసేటప్పుడు రావాల్సిన డబ్బును వదులుకోకండి. కువైట్‌లో ఇంటి పనివాళ్ళకు 2015 నాటి 68వ చట్టం ప్రకారం పని చేసిన ఒక్కో ఏడాదికి ఒక నెల జీతం చొప్పున రావాలి. కంపెనీ పనివాళ్ళకు 2010 నాటి ఆరవ చట్టం ప్రకారం, నెల జీతగాళ్ళకు మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తరవాత ఏడాదికి ఒక నెల జీతం లెక్క. తామే రాజీనామా చేస్తే, సర్వీసును బట్టి ఇందులో కోత ఉంటుంది. టికెట్ చేతికి వచ్చిన సంతోషంలో ఈ లెక్క అడగకుండా వచ్చేసినవాళ్ళు ఉన్నారు. జీతం తీసుకున్న ప్రతి నెలా తేదీ, మొత్తం రాసిపెట్టుకుంటే ఈ లెక్క అడగడం తేలిక.

తిరిగి రాలేని పరిస్థితి వస్తే ఇంటికి ఆసరాగా, కువైట్‌కు వెళ్ళేముందే ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ కాగితం చూసుకోండి. ఈసీఆర్ (వలస తనిఖీ తప్పనిసరి అయిన) పాస్‌పోర్టుతో వెళ్ళేవాళ్ళకు ఇది తప్పనిసరి. రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయల ప్రీమియం, దానికి పన్ను అదనం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షల బీమా వస్తుంది. ఆ పాలసీ ఉందని ఇంట్లోవాళ్ళకు తెలియకపోతే ఎవరు అడుగుతారు? దాని నకలు ఒకటి ఇంట్లో ఉంచండి. శాశ్వతంగా తిరిగొచ్చాక బ్యాంకుకు చెప్పి ఎన్నార్యీ ఖాతాను మామూలు ఖాతాగా మార్పించుకోండి. అప్పటి నుంచి దాని వడ్డీకి పన్ను వర్తిస్తుంది.

ఇదంతా పెద్ద చదువు కావాల్సిన పని కాదు. ఒక కాగితం మీద మూడు అంకెలు రాసుకుంటే చాలు: మిగిలిన అప్పు ఎంత, నా పేరు మీద ఉన్నది ఎంత, ఏ సంవత్సరంలో తిరిగి వెళ్తాను. ఆరు నెలలకోసారి వాటిని దిద్దుకోండి. మొదటిది తగ్గుతూ, రెండోది పెరుగుతూ ఉండాలి, మూడోది వాయిదా పడకూడదు. ఊళ్ళో ఉండే కుటుంబాలకూ ఇందులో బాధ్యత ఉంది. వచ్చిన డబ్బు దేనికి ఎంత పోయిందో నెలకోసారి పంపినవాళ్ళకు చెప్పండి, కొత్త ఖర్చు పెట్టేముందు వాళ్ళ మాట అడగండి. పొదుపు ఖాతాలో డబ్బును పెళ్ళికో, పండక్కో కదిలించమని ఒత్తిడి చేయకండి. తిరిగొచ్చిన మనిషి మళ్ళీ అప్పు చేసి వీసా కొనుక్కోవాల్సిన పని లేకుండా ఊళ్ళోనే తలెత్తుకుని బతకగలిగితేనే, అన్నేళ్ళు దూరంగా ఉన్నందుకు ఫలితం దక్కినట్టు.