కొలువులో నుండగా కలిగిన వైకల్యము

మన గ్రామములలో "కాలు పోయినది, ఇక కొలువును పోయినట్లే" యను మాటను పలుమారులు వినియున్నాను. సర్కారు కొలువుల విషయమున నీ మాట నిజము కాదు. తెలియనివారు రోగి మంచము మీద నుండగనే యతనిచేత రాజీనామాపై చేవ్రాలు చేయింతురు. అట్టి కాగితము వచ్చినప్పుడు ముందుగా మిమ్మే సలహా యడుగుదురు గనుక నీ సంగతిని మీకు విన్నవించుచున్నాను.

వికలాంగుల హక్కుల చట్టమును పార్లమెంటు 2016లో చేసినది. అది 2017 ఏప్రిల్ 19వ తేదినుండి యమలులో నున్నది. ఉద్యోగమున నుండగా వైకల్యము పొందినవానిని ప్రభుత్వసంస్థ తొలగింపరాదనియు, హోదా తగ్గింపరాదనియు నందలి 20వ సెక్షను విధించుచున్నది. ప్రభుత్వసంస్థ యనగా కచేరీలు మాత్రమే కావు. సర్కారు యాజమాన్యములోని విద్యుత్సంస్థలు, పంచాయతీలు, సర్కారు సహాయము పొందు బడులు కూడ నిందు చేరును.

స్తంభములెక్కు లైనుమను చేయి పోయినదనుకొందము. అతనిని మరల స్తంభమెక్కుమనుట క్రౌర్యము. ఇంటికి పొమ్మనుట చట్టవిరుద్ధము. అదే జీతపు స్కేలుతో, అవే సర్వీసు లాభములతో తగిన వేరొక పనికి మార్చవలెను. అట్టి పని లేనిచో, అది దొరకువరకో, ఉద్యోగవిరమణ వయస్సు వచ్చువరకో, అదనముగా నొక పోస్టు కల్పించి యతని నందుంచవలెను. వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన నాకు మొదటిది ఆదేశమువలెను, రెండవది ఆగమమువలెను దోచుచున్నది: ఆదేశమునకు స్థాని ధర్మములు సంక్రమించును, ఆగమము ఎవ్వరిని త్రోసివేయకయే చెంత వచ్చి చేరును.

రంగులు గుర్తింపలేడని 2016లో తొలగింపబడిన తెలంగాణ రోడ్డురవాణా సంస్థ బస్సు డ్రైవరునకు, తగిన వేరొక కొలువిమ్మని సుప్రీంకోర్టు 2025లో తీర్పు చెప్పినది. అందు ముఖ్యాధారము 1979 నాటి కార్మికుల యొడంబడిక. న్యాయము మాత్రము ఇదియే. అయినను తొమ్మిదేండ్లు గడచినవి. బకాయిలలో నాలుగవవంతే దక్కినది.

ప్రయివేటు యజమానులను తొలగింపు గూర్చిన యీ విధి బంధింపదు. ఇది పెద్దలోపమని నా యభిప్రాయము. వైకల్యముగలవారికి సమానావకాశము లెట్లు కల్పింతురో విధానము ప్రకటింపవలసిన బాధ్యత మాత్రము వారికిని గలదు.

ప్రతి ప్రభుత్వసంస్థయందును ఈ ఫిర్యాదులకై యొక యధికారి యుండవలెను. ఫిర్యాదు నమోదైన రెండు వారములలో నతడు విచారింపవలెను. అతని చర్య తృప్తికరము కానిచో జిల్లాస్థాయి సంఘము నాశ్రయింపవచ్చును. అర్జీకి వైకల్య ధ్రువపత్రమును జతపరచి, నకలుమీద అందినట్లు ముద్ర వేయించుకొనుడు.