మనిషి విమానం ఎక్కాలా, మందు విమానం దిగాలా?

తెల్లారేసరికి మూత్రం టీ డికాషన్ రంగులో కనిపిస్తుంది. మొదట కామెర్లన్నారని పసరు తాగిస్తారు. తర్వాత రక్తం తక్కువైందని వరంగల్ ఎంజీఎంలోనో, హనుమకొండలోని ప్రైవేటు ఆసుపత్రిలోనో రెండు బాటిళ్లు ఎక్కిస్తారు. నెల తిరక్కముందే మళ్లీ నీరసం, ఆయాసం, కడుపునొప్పి. పీఎన్‌హెచ్ అనే అరుదైన రక్తవ్యాధి చాలామందిలో ఇలాగే దాగి ఉంటుంది.

ఇది పుట్టుకతో వచ్చేది కాదు. మజ్జలోని మూలకణంలో ఒక జన్యువు జీవితం మధ్యలో దెబ్బతింటుంది. ఆ కణం నుంచి పుట్టే ఎర్రరక్తకణాలకు పైపొర కాపలా ఉండదు. సూక్ష్మజీవులను చంపాల్సిన మన రోగనిరోధక ప్రొటీన్లే వాటిని పగలగొట్టేస్తాయి. ఎక్కువగా ముప్పై, నలభై ఏళ్ల వయసులో, పిల్లలు ఇంకా బడికి పోతున్నప్పుడు పట్టుకుంటుంది. అందుకే ఈ జబ్బులో ఫైళ్లు పట్టుకుని తిరిగేది ఎక్కువగా భర్తో, భార్యో. పసిపిల్లల జబ్బుకు ఊరంతా విరాళాలిస్తుంది. నలభై ఏళ్ల ఇల్లాలి కోసం చెయ్యి చాచడం ఎంత కష్టమో ఆ భర్తకే తెలుసు.

"అమెరికాల మనోళ్లున్నరు గదా, ఓసారి అడుగరాదు?" అని చుట్టాలంటారు. నిజమే, వరంగల్‌లో అమెరికా చుట్టరికం లేని వీధి అరుదు. కానీ అక్కడి ధర వినాలి. 2007లో అక్కడ ఈ జబ్బుకు అనుమతి పొందిన ఎక్యులిజుమాబ్‌ను 2010లో ఫోర్బ్స్ ప్రపంచంలోకెల్లా ఖరీదైన మందుగా లెక్కగట్టింది. ఏడాదికి 4,09,500 డాలర్లు, అప్పటి మారకంలోనే దాదాపు రెండు కోట్ల రూపాయలు. పైగా అది రెండు వారాలకోసారి, ఏళ్ల తరబడి ఎక్కించుకోవాల్సిన మందు. మధ్యలో ఆపితే కణాలు మళ్లీ ఉధృతంగా పగిలిపోతాయి. ఎకరం అమ్మి ఆరు నెలలు వాడి ఊరుకునే వైద్యం కాదిది. మొదటి డోసుకు ముందే పదో డోసు ఎక్కడి నుంచి వస్తుందో తేల్చుకోవాలి.

కాబట్టి మనిషిని పంపడం కన్నా మందును రప్పించడమే దారి. ఇక్కడ దొరకని మందును రోగి సొంత వాడకానికి తెప్పించుకోవడానికి మన చట్టంలోనే వీలుంది. డాక్టర్ చీటీతో ఫారం 12ఏ పెట్టుకుంటే 12బీ అనుమతి ఇస్తారు. కేంద్ర అరుదైన వ్యాధుల విధానంలోని జాబితా జబ్బులకైతే 2023 ఏప్రిల్ నుంచి ఇలా తెచ్చుకునే మందుపై కస్టమ్స్ సుంకం కూడా లేదు. అయితే దారి తెరుచుకున్నంత మాత్రాన ధర దిగదు. ధర ఎలా దిగుతుందో తెలియాలంటే చైనాలో మొదలైన ఓ తెలంగాణ కథ చూడాలి.

ఊషీ నగరానికి చెందిన లూ యోంగ్ అనే చైనా వ్యాపారికి 2002లో సీఎంఎల్ అనే రక్తక్యాన్సర్ బయటపడింది. నోవార్టిస్ వారి గ్లివెక్‌కు నెలకు 23,500 యువాన్లు. రెండేళ్లకు ఆయనకు అదే మందు వీనాట్ పేరుతో సుమారు 4,000కు దొరుకుతుందని తెలిసింది. తయారుచేసింది హైదరాబాద్ నాట్కో. తోటి రోగులకూ తెప్పించినందుకు ఆయన్ను జైల్లో పెట్టారు. వందల మంది రోగులు సంతకాలు చేశారు. 2015లో కేసు ఎత్తేశారు. 2018లో అది సినిమా అయి చైనాను ఏడిపించింది. పరాయి దేశపు రోగులు చౌక వైద్యం కోసం చూసింది మనవైపు! గ్లివెక్‌కు పేటెంట్ కుదరదని 2013 ఏప్రిల్ 1న మన సుప్రీంకోర్టు చెప్పింది కూడా.

పీఎన్‌హెచ్‌కు ఇప్పుడు ఇప్టాకోపాన్ వచ్చింది. 2023 డిసెంబర్‌లో అమెరికా అనుమతించిన ఈ మందు సూది కాదు, రోజుకు రెండు క్యాప్సూల్స్. కంపెనీ మళ్లీ నోవార్టిస్సే, అక్కడి ధర ఏడాదికి 5 లక్షల డాలర్ల పైనే. సూదిమందు జీవకణాల్లో పెరిగే ప్రొటీను, దానికి నకలు చేయడం కష్టం. ఈ క్యాప్సూల్ మందు రసాయనం, మన ఫ్యాక్టరీలకు చేతనైన పని. అడ్డం పేటెంటే. ఎస్ఎంఏ కండరాల జబ్బుకు వాడే రిస్డిప్లామ్ సీసా 6 లక్షలకు పైగా పలికింది. 2025లో కోర్టు దారివ్వగానే నాట్కో దాన్ని 15,900 రూపాయలకు తెచ్చింది. ఇప్టాకోపాన్ విషయంలోనూ ప్రభుత్వం కంపెనీతో బేరమాడాలి, కాదంటే వేరే కంపెనీలకు తయారీ లైసెన్సు ఇప్పించాలి. కేంద్ర విధానం జాబితా జబ్బులకు ఇచ్చే 50 లక్షల వరకు సాయం జీవితకాలపు మందుకు ఏ మూలకు?

ఈలోగా వరంగల్ ఇంట్లో జరగాల్సింది వేరే ఉంది. ముందు ఫ్లో సైటోమెట్రీ పరీక్షతో జబ్బు ఖాయం చేసుకోవాలి, దానికి హైదరాబాద్ చాలు. మజ్జ కూడా ఎండిపోతుంటే మూలకణ మార్పిడి గురించి అడగాలి. జబ్బును వేళ్లతో సహా పీకేది అదొక్కటే, ప్రాణాపాయమూ ఉన్నదే. నిమ్స్‌లో చేస్తారు. వెల్లూరు సీఎంసీ 1986 నుంచీ చేస్తోంది, వరంగల్‌లో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కాట్పాడిలో దిగొచ్చు. తోడబుట్టినవాళ్లలో ఒక్కొక్కరి మజ్జ సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. రోగి అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను రక్తపరీక్షకు పిలవడం పాస్‌పోర్టు దరఖాస్తు కన్నా ముందు జరగాలి.